పొగాచార్‌ది పొగరా, లెక్కా?

పొగాచార్ అంటే టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన స్లొవేనియా సైకిలిస్టు. జయపురం నుంచి 19 ఏళ్ల కుర్రాడు ఒకడు అడిగిన ప్రశ్న ఇది. ఈ రెండేళ్లలో మన చుట్టుపక్కల జరిగిన సైకిల్ పందేల్లో ఎక్కువ తనే గెలిచాడట. "సార్, నేను పందెం మొదట్లోనే ఎటాక్ చేసి, అంటే గుంపులోంచి ఒక్కసారిగా వేగం పెంచి, ఒక్కడినే వెళ్లిపోతాను. తోటివాళ్లు పొగరు అంటున్నారు. నువ్వు అభిమానించే పొగాచార్ పేరులోనే పొగరుంది అని ఎగతాళి చేస్తున్నారు. అతను అప్పటికే ముందున్నా మళ్లీ మళ్లీ ఎందుకు ఎటాక్ చేస్తాడు? ఫినిష్‌కి 80 కిలోమీటర్ల ముందే వెళ్లిపోవడం తెలివా, తిక్కా? వచ్చే నెల సునాబెడలో మొదలై, సుంకీ ఘాటీ దిగి, మళ్లీ ఎక్కి తిరిగొచ్చే పందెం ఉంది. నేనూ అలాగే చేయొచ్చా?"

బాబూ, మూడు ప్రశ్నలు అడిగావు గానీ నీకు అసలు కావాల్సింది మూడోదే అని తెలుస్తూనే ఉంది. దానికి చివర్లో వస్తాను. మొదటి రెండూ తేలకుండా దానికి జవాబు చెబితే నువ్వు సగమే వింటావు.

నా గురించి రెండు ముక్కలు. మాది సాలూరు. ఫ్యాక్టరీ ఉద్యోగానికని సునాబెడ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. వయసులో ఉండగా పందేలు తొక్కాను. గెలిచినవి ఒక చేతి వేళ్లకు సరిపోతాయి, ఓడినవాటికి లెక్క లేదు. ఇప్పుడు తెల్లవారుజామున నలుగురైదుగురు పిల్లల్ని వెంటేసుకుని దేవమాలి వైపు తొక్కిస్తుంటాను. జూలై వస్తే మాత్రం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా టూర్ డి ఫ్రాన్స్, అదే ఫ్రాన్స్‌లో జరిగే మూడు వారాల సైకిల్ పందెం, ముందు నుంచి కదలను. మా ఆవిడ "మూడు వారాలు సైకిలు తొక్కడమేంటి, వాళ్లకి పనీపాటా లేదా" అంటుంది. దానికి ఇన్నేళ్లుగా నా దగ్గర జవాబు లేదు.

ముందు పొగరు సంగతి చూద్దాం.

తదేయ్ పొగాచార్ స్లొవేనియా వాడు. 1998 సెప్టెంబర్ 21న పుట్టాడు. ఆ దేశం మొత్తం జనాభా 21 లక్షలు, అంటే మన కొరాపుట్ జిల్లాకి ఒకటిన్నర రెట్లు. 2020, 2021, 2024, 2025 సంవత్సరాల్లో టూర్ గెలిచాడు. 2024లో ఇటలీ టూర్, ఫ్రాన్స్ టూర్, ప్రపంచ చాంపియన్‌షిప్ మూడూ ఒకే ఏడాదిలో కొట్టాడు. మగవాళ్లలో అంతకుముందు అలా చేసినవాళ్లు ఇద్దరే: 1974లో ఎడీ మెర్క్స్, 1987లో స్టీఫెన్ రోష్. ఇంత గెలిచేవాడి మీద ఎవరికైనా కాస్త కడుపుమంట ఉంటుంది. అది సహజం. నాకూ ఉండేది.

ఎందుకో చెప్తాను. 2024 ఇటలీ టూర్‌లో 16వ స్టేజ్. స్టేజ్ అంటే ఒక రోజు పందెం; అన్ని స్టేజ్‌ల టైమ్ కలిపి ఎవరిది తక్కువైతే టూర్ వాళ్లదే. జూలియో పెల్లిజారీ అని 20 ఏళ్ల ఇటలీ కుర్రాడు ముందు వెళ్తున్నాడు. వాడి సొంత దేశం, సొంత జనం. గెలిస్తే జీవితాంతం చెప్పుకునే గెలుపు. పొగాచార్ అప్పటికే అందరికంటే నిమిషాలకు నిమిషాలు ముందున్నాడు, ఆ స్టేజ్ అతనికి అక్కర్లేదు. అయినా చివర్లో వెనక నుంచి వచ్చి కుర్రాడిని దాటి గెలిచాడు. ఫినిష్ దాటాక ఆ పిల్లాడు దగ్గరికెళ్లి గుర్తుగా కళ్లద్దాలు అడిగితే, వాటితో పాటు ఒంటి మీదున్న గులాబీ జెర్సీ, అదే ఇటలీ టూర్‌లో అందరికంటే ముందున్నవాడు వేసుకునేది, కూడా తీసి ఇచ్చేశాడు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో ఇసోలా 2000 కొండ మీద మాటియో జార్గెన్సన్ అనే అమెరికా వాడిని చివరి రెండు కిలోమీటర్లలో పట్టుకుని దాటేశాడు. ఆ రోజు నేను టీవీ కట్టేసి లేచిపోయాను. "అంత ఆకలేంట్రా నీకు, ఒకటి వదిలెయ్యలేవా" అని పైకే అన్నాను.

తర్వాత ఆలోచిస్తే నాదే తప్పనిపించింది. జాలిపడి వదిలేయడంలో కూడా ఒక పొగరు ఉంది. "నేను గెలవగలను, కానీ నీకిస్తున్నాను తీసుకో" అన్నట్టు. పెల్లిజారీ అలా గెలిచి ఉంటే ఆ గెలుపు వాడిది అయ్యేదా? పందెంలో పూర్తిగా తొక్కి, ఫినిష్ దాటాక చొక్కా విప్పి ఇవ్వడం నాకు ఇప్పుడు ఎక్కువ మర్యాదగా కనిపిస్తోంది. ఇందులో నాతో ఏకీభవించనివాళ్లు చాలామంది ఉంటారు, ఉండనీ.

ఇంకో చిన్న సంగతి. అదే ఇటలీ టూర్‌లో మోంటే గ్రాపా కొండ ఎక్కుతూ, పందెం మధ్యలో, జట్టువాళ్లు తనకిచ్చిన నీళ్ల సీసాని పక్కన పరిగెత్తుతున్న ఒక చిన్న పిల్లాడి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. లెక్క తప్పే భయం ఉన్నవాడు నీళ్ల సీసా దానం చేయడు. పొగరున్నవాడికి పక్కన పరిగెత్తే పిల్లాడు కనపడడు.

ఇతని గురించి తెలుసుకోవాలంటే గెలిచిన రోజులు చూడకు, ఓడిన రోజులు చూడు. నీ వయసువాళ్లంతా యూట్యూబ్‌లో అతను ఒంటరిగా వెళ్లిపోయే వీడియోలే చూస్తారు. నేను మా పిల్లలకి చూపించేది 2022 జూలై 13.

ఆ రోజు పొద్దున ఫ్రాన్స్ టూర్‌లో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ అతని ఒంటి మీదే ఉంది. ఎదురుగా జంబో-విస్మా జట్టు, అందులో ఇద్దరు లీడర్లు: యోనాస్ వింగెగో, ప్రిమోజ్ రోగ్లిచ్. రోగ్లిచ్ అంతకుముందే పడిపోయి టైమ్ పోగొట్టుకున్నాడు, అతను టూర్ గెలవడు. కాబట్టి అతనికి పోయేదేమీ లేదు. గలిబియే కొండ దగ్గర ఇద్దరూ వంతులు వేసుకున్నారు. రోగ్లిచ్ ఎటాక్ చేస్తే పొగాచార్ వెంటపడి పట్టుకున్నాడు. పట్టుకుని ఊపిరి తీసుకునేలోపు వింగెగో వెళ్లాడు. మళ్లీ వెంటపడ్డాడు. మళ్లీ రోగ్లిచ్. ప్రతిదానికీ తనే జవాబు చెప్పాడు. తన జట్టువాళ్లు పక్కన లేరు. మధ్యలో కెమెరా వైపు చూసి నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి నేను ఇక్కడ గ్లాసులో టీ చల్లార్చుకుంటూ "అయిపోయాడు" అనుకున్నాను. జ్యోతిష్యం కాదు, నేను అలా నవ్విన రోజు ఒకటుంది. అది తర్వాత చెప్తాను.

చివరి కొండ గ్రానోన్. 11 కిలోమీటర్లు, సగటున 9 శాతం వాలు, శిఖరం 2,413 మీటర్లు. చివరి అయిదు కిలోమీటర్ల లోపు వింగెగో లేచి వెళ్లిపోయాడు. ఈసారి పొగాచార్ కదల్లేదు. జెర్సీ జిప్ కింది దాకా తెరిచి ఉంది, భుజాలు ఊగుతున్నాయి, ఒకరి తర్వాత ఒకరు పక్క నుంచి దాటిపోతున్నారు. ఆ ఒక్క ఎక్కుడులో 2 నిమిషాల 51 సెకన్లు పోయాయి. మూడు వారాల టూర్ ముగిసేసరికి ఇద్దరి మధ్య తేడా 2 నిమిషాల 43 సెకన్లు. అంటే టూర్ పోయింది ఆ ఒక్క సాయంత్రమే.

ఇప్పుడు మర్నాడు ఏం చేశాడో చూడు. ఆల్ప్ డ్యుయెజ్ మీద మళ్లీ ఎటాక్ చేశాడు. ఫలితం లేదు, వింగెగో వదల్లేదు. తర్వాతి వారం పిరనీస్ కొండల్లో మళ్లీ మళ్లీ చేశాడు. ఒక స్టేజ్ గెలిచాడు. ఆ మరుసటి రోజు దిగుడులో మలుపు తప్పి పడ్డాడు. వింగెగో ఆగి అతను వచ్చేదాకా చూశాడు. వచ్చాక ఇద్దరూ సైకిళ్ల మీదే చేతులు కలిపారు. ఆ రోజు కూడా ఓడిపోయాడు. తర్వాతి ఏడాది ఇంకా ఘోరం. మణికట్టు ఎముక విరిగి కోలుకుని టూర్‌కి వచ్చాడు, లోజ్ కొండ మీద రేడియోలో "నా పని అయిపోయింది, చచ్చాను" అని చెప్పేశాడు. ఆ రోజు పోయింది అయిదు నిమిషాల పైనే. లక్షలమంది వింటారని తెలిసీ పోటీగాడెవడైనా అలా అంటాడా? ఇతను అన్నాడు. మూడు రోజులకే చివరి కొండల స్టేజ్ గెలిచాడు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. అతని ఎటాక్‌లకి మూలం గెలుస్తానన్న ధీమా అనుకుంటారు అందరూ. నేనైతే ఓడిపోతే ఏమవుతుందిలే అన్న తేలికదనం అంటాను. అందరికంటే ముందున్నవాడు సాధారణంగా ఉన్నది కాపాడుకుంటాడు. ఇతను ఖర్చుపెడతాడు. రెండో స్థానం వచ్చినా నవ్వుతూ ఇంటికెళ్లగలిగేవాడికే 80 కిలోమీటర్ల ముందు వెళ్లే ధైర్యం వస్తుంది. నీ ప్రశ్నలో నువ్వు గెలిచిన పందేల గురించి చెప్పావు. ఓడిన పందెం ఒక్కటీ చెప్పలేదు. నాకు అది కాస్త ఇబ్బందిగా అనిపించింది.

సరే, రెండో ప్రశ్న. అంత దూరం నుంచి ఎందుకు?

సైకిల్ పందెంలో అసలు శత్రువు గాలి. మైదానం మీద 40 వేగంతో వెళ్తున్నప్పుడు నీ శ్రమలో సింహభాగం గాలిని తోయడానికే పోతుంది. ముందువాడి చక్రం వెనక చాటున ఉంటే దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. అందుకే మైదానంలో ఎంత గట్టివాడైనా గుంపు ముందు ఒంటరిగా నిలవడు. కొండ ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది, గాలి ప్రభావం తగ్గుతుంది, శ్రమంతా బరువు పైకి లాగడానికే. అక్కడ చాటున దాక్కున్నా పెద్దగా మిగిలేది లేదు. కాబట్టి పొగాచార్ ఎటాక్ చేసే చోటు చూడు: ఎప్పుడూ నిటారు ఎక్కుడు మీద, లేదా ఇటలీలో మట్టిరోడ్డు మీద, లేదా బెల్జియంలో రాళ్లు పరిచిన గుట్ట మీద. చాటు పనిచేయని చోటు. చాలాసార్లు సీటు మీంచి లేవను కూడా లేవడు, కూర్చునే వేగం పెంచుకుంటూ పోతాడు. వెనకవాడికి అది ఎటాక్ అని అర్థమయ్యేసరికి రెండు సైకిళ్ల దూరం వచ్చేస్తుంది.

ఇంకో కారణం, అయిదు గంటలు తొక్కాక ఎవడిలో ఎంత మిగిలిందన్నది. తాజాగా ఉన్నప్పుడు అతనంత గట్టిగా తొక్కేవాళ్లు నలుగురైదుగురైనా ఉంటారు. 200 కిలోమీటర్లు దాటాక ఆ నలుగురి కాళ్లలో జోరు తగ్గుతుంది, ఇతనిది తక్కువ తగ్గుతుంది. కాబట్టి పందెం ఎంత ముందు నుంచి కష్టంగా ఉంటే అతనికి అంత మంచిది. చివరి కిలోమీటరు దాకా ఆగితే తన బలాన్ని తనే దాచిపెట్టుకున్నట్టు. 2022లో బెల్జియంలోని ఫ్లాండర్స్ పందెంలో చివరి దాకా నెదర్లాండ్స్ వాడు వాన్ డెర్ పూల్‌తో కలిసి వచ్చి, స్ప్రింట్‌లో ఇరుక్కుపోయి నాలుగోవాడిగా మిగిలాడు. మరుసటి ఏడాది అదే పందెంలో గుట్ట మీదే వదిలించుకుని ఒక్కడే వచ్చి గెలిచాడు. పాఠం నేర్చుకునే తీరు అది.

మూడో కారణం మన సామెతలోనే ఉంది: పదిమందిలో పాము చావదు. ముందు ఒక్కడు వెళ్లిపోయాడు, వెనక అయిదుగురు మిగిలారు. అయిదుగురూ వంతులేసుకుని లాగితే ఒంటరివాడిని పట్టేయొచ్చు, లెక్క ప్రకారం. కానీ ఎవడు లాగుతాడు? ఒకడికి స్ప్రింట్ బలం ఉంది, వాడిని ఫినిష్ దాకా మోసుకెళ్లడం మిగతావాళ్లకి ఇష్టం లేదు. ఇంకొకడి స్నేహితుడే ముందు వెళ్తున్నాడు. ఇంకొకడికి రెండో స్థానం వచ్చినా చాలు. "నువ్వు లాగు" "ముందు నువ్వు లాగు" అని మోచేతులు ఊపుకుంటూ ఉండగా ముందున్నవాడు ఇంకో 20 సెకన్లు సంపాదిస్తాడు.

2024 సెప్టెంబర్ 29న జూరిక్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ చూశావా? ఫినిష్‌కి 100 కిలోమీటర్ల ముందు వెళ్లాడు. ఇంట్లో నేను తలపట్టుకున్నాను. వెనకున్న బెల్జియం వాడు ఎవెనెపోల్, వాన్ డెర్ పూల్ లాంటివాళ్లు కూడా వీడు పందెం చేతులారా పాడుచేసుకుంటున్నాడు అనుకుని వెంటపడలేదు. అదే వాళ్ల కొంప ముంచింది. పైకి తిక్కలా కనిపించింది గానీ అందులో లెక్క ఉంది: ముందు వెళ్లిన గుంపులో తన దేశంవాడు యాన్ ట్రాట్నిక్ ఉన్నాడు. అతను ఆగి, పొగాచార్‌ని ఆ గుంపు దాకా లాక్కెళ్లాడు. తర్వాత కాసేపు పావెల్ సివకోవ్ తోడు దొరికాడు. అతను ఫ్రాన్స్ తరఫున తొక్కుతున్నా ఏడాదంతా పొగాచార్ జట్టులోనే పనిచేసేవాడు. చివరి 51 కిలోమీటర్లే పూర్తిగా ఒంటరి. ఫినిష్‌లో తేడా 34 సెకన్లు, అంతే. గెలిచాక తనే "అది తెలివితక్కువ ఎటాక్" అన్నాడు. నువ్వు చూసిన చిన్న వీడియోలో ట్రాట్నిక్ ఉండడు, సివకోవ్ ఉండడు, ఆ 34 సెకన్లు ఎంత తక్కువో తెలియదు.

అలాగే 2025 టూర్‌లో ఓటకామ్ కొండ. 12 కిలోమీటర్ల ముందు వెళ్లి రెండు నిమిషాల పైగా తేడాతో గెలిచాడు. కానీ దానికి ముందు నర్వాయెజ్ అనే అతని జట్టువాడు కొండ మొదట్లో ఎంత వేగంగా లాగాడంటే, అతని వెనక నిలిచినవాళ్లే కొద్దిమంది. మంట ఎవరో పెట్టారు, అన్నం ఇతను వండాడు.

ఎప్పుడూ ఎటాకే చేస్తాడనుకోకు. అదే టూర్ చివరి వారంలో వెంటూ కొండ మీద ఎక్కువసేపు వింగెగో చక్రం వదలకుండా వెనకే కూర్చున్నాడు. ఒంట్లో అలసట ఉంది, చేతిలో నాలుగు నిమిషాల పైచిలుకు ఉంది. ఆ రోజుల్లో "బోర్ కొట్టించాడు" అని అభిమానులే తిట్టారు. నాకు మాత్రం అతని మీద గౌరవం అప్పుడే ఎక్కువ కలిగింది. 22 నిండని వయసులో 2020 టూర్‌లో కూడా ఇదే బుర్ర. ఏడో రోజు పక్కగాలిలో గుంపు చీలిపోయి 1 నిమిషం 21 సెకన్లు పోగొట్టుకున్నాడు. మర్నాడే కొండ మీద ఎటాక్ చేసి 40 సెకన్ల దాకా తిరిగి రాబట్టుకున్నాడు. చివరి టైమ్ ట్రయల్‌కి, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడి తొక్కే స్టేజ్‌కి, ముందు రోగ్లిచ్ కంటే ఇంకా 57 సెకన్లు వెనకున్నాడు. ఆ ఒక్క పరుగులో రోగ్లిచ్ మీద 1 నిమిషం 56 సెకన్లు సంపాదించి, 59 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు. అప్పు తీర్చడానికి రోజూ కొంచెం కొంచెం కట్టుకుంటూ పోయాడన్నమాట.

డోపింగ్ మాట కూడా ఎవడో ఒకడు కింద రాస్తాడు కాబట్టి నేనే అంటున్నాను. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్లు 2012లో రద్దయ్యాక ఈ ఆటలో గెలిచే ప్రతివాడినీ జనం అనుమానంగానే చూస్తారు. పొగాచార్ ఏ పరీక్షలోనూ దొరకలేదు. అంతకు మించి నేను మాట్లాడను.

ఇప్పుడు నా నవ్వు సంగతి.

నాకు 26 ఏళ్లప్పుడు సాలూరు నుంచి సునాబెడ దాకా ఒక పందెం. గేర్లు లేని ఎస్ఎల్ఆర్ సైకిలు, క్యారియర్ విప్పేసి, మడ్‌గార్డులు విప్పేసి, అదే రేసింగ్ సైకిల్ అనుకునేవాళ్లం. సొంత ఊరు, జనం రోడ్డుకి రెండు పక్కలా ఉన్నారు, ఈలలు వేస్తున్నారు. ఘాటీ మొదలవుతూనే లేచి నిలబడి తొక్కి అందరినీ వదిలేశాను. రెండో మలుపులో వెనక్కి తిరిగి చూసి నవ్వాను కూడా. ఎవడూ లేడు.

సుంకీ ఇంకా చాలా దూరం ఉండగానే కాళ్లు రాళ్లయిపోయాయి. ఆకలి కాదది. చెవుల్లో హోరు, కళ్ల ముందు చుక్కలు, హ్యాండిల్ పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. ఒక మలుపు దగ్గర లారీ ఆగి ఉంది, మన సాలూరు లారీయే. బానెట్ ఎత్తి ఉంది, రేడియేటర్ లోంచి ఆవిరి బుస్సున లేస్తోంది. క్లీనర్ కుర్రాడు తడి గోనెపట్టా మూతకి చుట్టి తిప్పుతున్నాడు. నేను సైకిల్ పిట్టగోడకి ఆనించి కూలబడ్డాను. డ్రైవర్ నా వైపు చూసి, ఇంజిన్ వైపు చూసి, "కిందే సెకండ్ గేర్‌లో వేసుకోవాల్సింది. ఊపు మీద లాగేద్దామని థర్డ్‌లో వచ్చాను" అన్నాడు, నన్ను అడిగినట్టు, తనకి తనే చెప్పుకున్నట్టు. క్లీనర్ రేడియేటర్‌కి తెచ్చిన డబ్బాలోంచి ఒక మగ్గు నీళ్లు నా నెత్తిన పోశాడు. అవి చల్లగా లేవు, కొంచెం డీజిల్ వాసన కూడా వచ్చాయి. అయినా ప్రాణం లేచొచ్చింది.

అక్కడ కూర్చుని ఉండగానే పాచిపెంట వైపు రోజూ పాలు పోసే కుర్రాడు నన్ను దాటాడు. లేచి నిలబడలేదు, పళ్లు బిగించలేదు, నా వైపు చూడలేదు. పాల క్యాన్లు లేవన్న తేడా తప్ప రోజూ వెళ్లినట్టే వెళ్లాడు. వాడే గెలిచాడు. నేను చివరి నుంచి మూడోవాడిని.

ఆ కుర్రాడికి తెలియకుండానే చేసింది, పొగాచార్‌కి ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చిన ఇన్యిగో సాన్ మియాన్ చెప్పేది ఒకటే. ఎక్కువ గంటలు, పక్కవాడితో మాట్లాడుతూ తొక్కగలిగే వేగంలో. రోజూ 40 కిలోమీటర్లు పాలక్యాన్లతో. పందెంలో కనిపించే ఆ ఒక్క ఎటాక్ వెనక ఎవరూ వీడియో తీయని అలాంటి గంటలు వేలు ఉంటాయి. నువ్వు వారంలో ఎన్నిసార్లు అలా నెమ్మదిగా తొక్కుతావో నీ ప్రశ్నలో రాయలేదు. మా పిల్లలకి నేను పెట్టే మొదటి పరీక్ష కూడా అదే: సెమిలిగుడ నుంచి కుందులి దాకా నాతో కబుర్లు చెబుతూ తొక్కు, రొప్పితే ఫెయిల్.

తిండి ఇంకొకటి. ఇప్పటి ప్రొఫెషనల్స్ పందెంలో గంటకి 100 గ్రాముల పిండిపదార్థాలు, అంతకు మించి కూడా, జెల్స్‌గా, నీళ్లలో కలిపి లోపలికి పంపిస్తారు. దూరం నుంచి ఎటాక్ చేసే ధైర్యంలో సగం ఆ సీసాల్లో ఉంది. ఒక అరటిపండులో 25 గ్రాములుంటాయి, అంతే. మీరు పొద్దున్నే ఒక ఇడ్లీ తిని మూడు గంటలు తొక్కేసి "దమ్ము లేదు సార్" అంటారు. దమ్ము కాదు లోపం, డీజిల్. జెల్ కొనే డబ్బు అక్కర్లేదు. బెల్లం, కాస్త ఉప్పు, నిమ్మరసం నీళ్లలో కలిపి ఒక సీసా, పల్లీచిక్కీ చిన్న ముక్కలుగా కొట్టి జేబులో. పందెం రోజే మొదలుపెట్టకు, కడుపు తిరుగుతుంది. ముందు నుంచి రోజూ సాధనలో కొంచెం కొంచెం పెంచుకుంటూ పో. పందెం ముందు రోజు రాత్రికి చోడి అంబలి మంచిదే, ఇక్కడివాళ్ల మండియా పేజ్ అన్నా అదే. పొద్దున్న మాత్రం తాగకు, బరువు.

ఇప్పుడు నీ పందెం. సునాబెడ నుంచి పొట్టంగి దాకా ఎగుడుదిగుడు రోడ్డు. అక్కడ ఎటాక్ చేశావంటే గుంపుకి నీ చాటు ఇచ్చి పోషించినట్టే, వాళ్లే నిన్ను పట్టుకుంటారు. ఘాటీ దిగేటప్పుడు అసలే వద్దు. ఎదురు లారీలు మలుపు మొత్తం తీసుకుంటాయి, పొగమంచు ఉంటే హారన్ వినిపించాకే లారీ కనిపిస్తుంది. దిగుడులో సంపాదించిన పది సెకన్లకి ప్రాణం పెట్టకు. కింద తిరిగాక ఎక్కుడు మొదలవుతుంది కదా, నీ చోటు అదే. కానీ మొదటి మలుపులో కాదు. నా మలుపు అది. సగం ఎక్కేదాకా గుంపులో రెండో మూడో స్థానంలో ఉండు, ఎవరి భుజాలు ఊగుతున్నాయో, ఎవరు సీసా తీసి తాగడం మానేశారో చూడు. వేరేవాడు ఎటాక్ చేసి అలిసిపోయి, వేగం తగ్గి, అందరూ హమ్మయ్య అనుకునే క్షణం ఒకటొస్తుంది. అప్పుడు వెళ్లు. కూర్చునే వెళ్లు.

వెళ్లాక శిఖరం దగ్గర ఆగకు. మన పిల్లలందరూ చేసే తప్పు ఇదే: పైకి చేరగానే పెడల్ వదిలి వెనక్కి చూస్తారు. ఎక్కుడు అయ్యాక మొదటి రెండు నిమిషాలు ఇంకా గట్టిగా తొక్కు, వెనకవాళ్లు అప్పుడే రొప్పుతూ ఒకరినొకరు చూసుకుంటుంటారు. ఆ తర్వాత పొట్టంగి నుంచి సునాబెడ దాకా ఎదురుగాలి తగిలితే ఒంటరిగా నిలవడం కష్టం. నీతో పాటు శిఖరం దాటగలిగేవాడు ఒక్కడుంటే వాడిని వదిలించుకోకు, వంతులేసుకుని లాక్కుపోండి. పొగాచార్‌కే సివకోవ్ కావాల్సొచ్చింది. ఆ ఒక్కడు నిన్ను పొగరు అన్నవాళ్లలో ఒకడైతే మరీ మంచిది.

వచ్చే ఆదివారం పొద్దున 5 గంటలకి సెమిలిగుడ జంక్షన్‌లో ఉంటాను. వాళ్లని కూడా పిలుచుకు రా, ఘాటీ సగం దాకా దిగి ఎక్కుదాం. నేను వెనక నెమ్మదిగా వస్తాను, నా కోసం ఆగక్కర్లేదు. చెయిన్‌కి నూనె మాత్రం వేసుకుని రా. నువ్వు పెట్టిన వీడియోలో దాని కీచు గాలి హోరులో కూడా వినపడుతోంది.